తొమ్మిదో వరుస

మొన్న ఆదివారం మధ్యాహ్నం నా మనుమరాలు నన్ను చదరంగంలో ఓడించింది. ఇందులో విశేషమేమీ లేదు. ఆమె నన్ను వారానికి ఏడు రోజులూ ఓడిస్తుంది, సెలవు రోజుల్లో రెండుసార్లు. తొమ్మిదేళ్ళ పిల్ల. వాళ్ళ అపార్ట్‌మెంటు కింద, బడి వదిలాక చదరంగం క్లాసు నడుస్తుంది. అక్కడ నేర్చుకున్నదంతా పైకి వచ్చి నా మీద ప్రయోగిస్తుంది.

విశేషం నేను చేసిన పని. నా వైపు రాజు, ఒక్క సిపాయి మిగిలారు. ఆమె ఏనుగును జరజరా లాక్కొచ్చి ఆ సిపాయిని కూడా చంపింది. నేను నా వయసూ, మోకాళ్ళూ మరచిపోయి లేచి నిలబడి కేకేశాను.

"బుర్జు! సగం ఆట నాది!"

పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. "బుర్జా? అదేంటి? అలాంటి రూల్ లేదు అమ్మమ్మా. నువ్వు చీటింగ్."

"ఎందుకు లేదు, ఉన్నది."

"మా కోచ్ సార్ చెప్పలేదే!"

"మా సార్ చెప్పిండు."

ఆ 'చెప్పిండు' నా నోట్లోంచి వచ్చి చాలా ఏళ్ళయింది. పట్నం వచ్చాక నా భాషకు ఇస్త్రీ చేసుకున్నాను. ఆ ఒక్క మాటతో ఇస్త్రీ అంతా చెదిరింది. దాని వెనకే నూలుకు పెట్టే గంజి వాసన, సుద్దపొడి వాసన, పాన్ నమిలే నోటి తీపి వాసన ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చున్నాయి.

మా ఊరు హుజూరాబాద్‌కు నడిచిపోయేంత దూరంలో ఉండేది, నడిచేవాళ్ళకు ఓపిక ఉంటే. మాది మగ్గాల వాడ. ఏ ఇంట్లోకి తొంగి చూసినా గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి, అటూ ఇటూ పరుగెత్తే నాడె. పొద్దున లేస్తూనే వాడంతా టక్‌టక్ మని మోగేది. మా బాపు మగ్గం మీద కూర్చుంటే అవ్వ, అంటే అమ్మ, నూలు తోడేది, నేను రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేదాన్ని. కండె అంటే వేలెడంత పుల్లకు చుట్టిన నూలు. దాన్ని నాడెలో పెడితేనే బట్ట నడుస్తుంది. బడి నుంచి రాగానే ఇరవై కండెలు చుట్టడం నా వంతు. మక్క గట్క తినేది ఆ తర్వాతే.

బడిలో అప్పటికే రాజ్యం మారిపోయింది. అంతకు ముందు చదువంతా ఉర్దూలో ఉండేదట. మేం చేరేనాటికి తెలుగైపోయింది. గోడ మీది ఉర్దూ అక్షరాలకు సున్నం కొట్టి, పైన తెలుగులో బడి పేరు రాశారు. వానాకాలంలో సున్నం నానితే కింది అక్షరాలు మళ్ళీ పైకి తేలేవి. అప్పుడు మా బడికి రెండు పేర్లుండేవి, ఒకదాని మీద ఒకటి.

ఆ కింది అక్షరాల మనిషి ఒకాయన బడిలో మిగిలిపోయారు. మేం ఉర్దూ సార్ అనేవాళ్ళం. సన్నటి మనిషి, మోచేతుల దగ్గర వెలిసిపోయిన నల్ల షేర్వాణీ, చెవి మడతలో అత్తరు దూది. ఒకప్పుడు బడంతా ఆయన క్లాసే. ఇప్పుడు ఆయన గంటకు ముగ్గురు పిల్లలు వచ్చేవారు, అందులో ఒకడు నిద్రపోవడానికి. పెద్దసారు మంచివాడు. పని లేని మనిషిని ఊరికే కూర్చోబెట్టడం ఇష్టం లేక, "సాబ్, ఆఖరి గంట అయినంక పిల్లలను జర ఏదన్న ఆడిపియ్యరాదుండ్రి" అన్నాడు. అలా మా చదరంగం క్లబ్బు పుట్టింది. క్లబ్బు అనే మాట పెద్దసారుది. మేం 'సార్ అర్ర' అనేవాళ్ళం, అర్ర అంటే మాకు గది.

షాబాదు బండల మీద సుద్దతో గళ్ళు గీసి ఎనిమిది మందిమి చుట్టూ కూర్చునేవాళ్ళం. ఎనిమిది మందిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. పావులు సార్‌వి, ఎప్పుడో నిర్మల్ నుంచి తెప్పించుకున్న కొయ్య బొమ్మలు. ఒక ఏనుగు పోతే దాని చోట నేను తెచ్చిన ఖాళీ కండె నిలబెట్టాం. "ఇగో, గిది చిక్కిపోయిన ఏనుగు" అని సార్ గంభీరంగా పరిచయం చేశారు. మా జట్టులో బక్కోడు అనేవాడొకడు ఉండేవాడు. పిప్పరమెంటు దొరకని రోజున ఎవరూ చూడకుండా వజీరు తలకాయ చప్పరించేవాడు. వజీరు రంగు వెలిసింది వాడి వల్లే.

ఇంట్లో మాత్రం యుద్ధం. "ఆటకు పొద్దున్నది గాని కండెలకు లేదా?" అంది అవ్వ మొదటి రోజే.

"పొద్దుగాల లేచి చుట్టిపోత."

"లేస్తవ్ లేస్తవ్. నిన్ను లేపేసరికి ఊళ్ళె కోళ్ళన్ని పండుకుంటయ్."

మరునాడు కోడి కంటే ముందే లేచాను. అందులో ఆట మీది ప్రేమ కొంత, అవ్వ మాట పడనివ్వకూడదన్న పంతం ఎక్కువ. ఇరవై కండెలు బుట్టలో వేసి అవ్వ ముందు పెట్టి బడికి పోయాను. ఆ రోజు క్లాసులో నిద్రపోయాననుకోండి. అయినా ఆ తర్వాత అవ్వ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అప్పటికి కార్తీకం దాటి చలి మొదలైంది. ఒక సాయంత్రం మేం ఆడుతుండగా పెద్దసారు చేతిలో కాగితంతో వచ్చాడు. అది ఉర్దూ సార్ పేరిట వచ్చిన సర్కారు ఉత్తర్వు. తెలుగులో ఉంది. వచ్చింది ఆయనకే, చదవరానిదీ ఆయనకే. సార్ మాతో మాట్లాడేది తెలుగే, మాకంటే చమత్కారంగా కూడా. ఆయనకు తెలుగు నాలుక మీద ఉంది, కంటి మీద లేదు. పెద్దసారు గొంతు తగ్గించి చదివాడు గాని, చదరంగం ఆడేవాళ్ళు మాట్లాడరు కదా, అంతా వినిపించింది. వచ్చే ఎండాకాలం లోపల తెలుగు చదవడం, రాయడం పరీక్ష పాసు కావాలి. కాకపోతే కొలువు ఉండదు.

"చిన్న పరీక్షనే సాబ్. అక్షరాలు, నాలుగు మాటలు. పిల్లలు నేర్చుకుంటలేరా?"

సార్ చేతిలోని గుర్రాన్ని కింద పెట్టలేదు. "ఇన్నేండ్లు నేను పలక మీద దిద్దిపిచ్చిన పెద్దసారూ. ఇప్పుడు నేను పలక పట్టుకొని కూసుంటనా? పోతే పోనియ్యుండ్రి."

పెద్దసారు వెళ్ళిపోయాడు. సార్ గుర్రాన్ని తప్పు గడిలో పెట్టారు. ఆయన అలా పెట్టడం మేం ఎప్పుడూ చూడలేదు.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని నేను ఒకటే అనుకున్నాను. సార్ పోకూడదు. దీని వెనక గొప్ప ఆలోచనేమీ లేదు. సార్ పోతే అర్ర పోతుంది, అర్ర పోతే సాయంత్రం మళ్ళీ రాట్నం. మనిషికి పట్టుదల రావడానికి అంత పెద్ద కారణం ఏమీ అక్కర్లేదు.

మరునాడు ఆట మధ్యలో అడిగేశాను. "సార్, మేం నేర్పుతం మీకు అక్షరాలు."

"షహ్" అన్నారు సార్, నా రాజు వైపు చూపిస్తూ. అంటే నోరు మూసుకుని రాజును కాపాడుకొమ్మని.

"నేను గెలిస్తే నేర్చుకుంటరా?"

సార్ నవ్వారు. పాన్ గొంతుకు అడ్డం పడి దగ్గు వచ్చేంత నవ్వారు. "నువ్వు గెలిచేసరికి నాకు పింఛను వస్తది బేటీ."

"గెలిస్తే?"

"సరే, జుబాన్ ఇచ్చిన. గెలిచి చూపియ్యి."

బక్కోడు నా చెవిలో ఊదాడు. "నీకేమన్న పిచ్చా? సార్‌ను గెలుసుడంటె చెరువుల చందమామను పట్టుడే."

పట్టుకునే పని మొదలుపెట్టాను. కండె చుడుతూ ఆడేదాన్ని. రాట్నం ముందు కండెలను పావుల్లా నిలబెట్టి, ఆ రోజు ఎక్కడ ఓడానో మళ్ళీ వేసి చూసేదాన్ని. రెండు మూడు సార్లు నా రాజును బాపు నాడెలో పెట్టి నేసేశాడు. ఒకరోజు ఆయన మగ్గం ఆపి అడిగాడు.

"ఏం ఆట బిడ్డా గది?"

సంగతంతా చెప్పాను. సార్ కొలువు, పరీక్ష, పందెం.  ఎనిమిది అడ్డం, ఎనిమిది నిలువు గళ్ళని బాపు రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నాడు. నాలుగు రోజులకు, తువ్వాలలు నేయగా మగ్గం మీద మిగిలిన నీలం నూలు మీద తెల్ల గీతలు పెట్టి ఒక బట్ట నేశాడు. గళ్ళన్నీ ఒకటే రంగు, మధ్యలో తెల్ల గీతలు. నేను దాన్ని గుండెలకు హత్తుకుని బడికి పరుగెత్తాను.

సార్ బట్ట పరిచి, పావులు పెట్టి, ఆగిపోయారు. వేలితో లెక్కపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టారు. అడ్డం ఎనిమిది. నిలువు తొమ్మిది.

"బేటీ, మీ బాపుకు లెక్క రాదా?"

నాకు తల తీసేసినట్టయింది. సాయంత్రం సార్ స్వయంగా మా ఇంటికి వచ్చారు. బాపు గుంటలోంచి లేచి, చేతులు తుడుచుకుని, ఎంతో మర్యాదగా చెప్పాడు. "లెక్క తప్పలే సారూ. కొత్త బట్ట, తడిస్తె గుంజుకుంటది. అందుకే ఒక వరుస ఎక్కువ పెట్టిన."

సార్ ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూశారు. తర్వాత నవ్వు ఆపుకోవడానికి అత్తరు దూది సర్దుకున్నారు. "నిజమే. రాజులకు గా ముందుచూపు ఉంటె రాజ్యాలు గుంజుకపోకుండ ఉండు." ఆ తొమ్మిదో వరుసను జాగ్రత్తగా కిందికి మడిచి, ఆ రోజు నుంచి మా ఆట ఆ బట్ట మీదే నడిపారు.

బట్ట మారింది గాని నా రాత మారలేదు. ఓటములను నలభై దాకా లెక్కపెట్టాను. ఆ తర్వాత లెక్కల్లో కూడా వెనకబడ్డాను. సంక్రాంతి పోయింది, చలి తగ్గింది. ఆటలన్నీ ఒకేలా ముగిసేవి. నా బలగమంతా పోయి, రాజు, ఒక్క సిపాయి మిగిలేవారు. సార్ ఆ సిపాయి జోలికి పోకుండా, చుట్టూ తిరిగి వచ్చి రాజును పట్టేవారు. నా మీద జాలి అనుకునేదాన్ని. బక్కోడు ఒకనాడు అడిగేశాడు.

"సార్, గా ఒక్క సిపాయిని ఎందుకు సంపరు? పాపమనిపిస్తదా?"

"పాపం కాదురా, ఖాయిదా. రాజు ఒక్కడే మిగిలిండనుకో, దాన్ని బుర్జు అంటరు. అప్పుడు గెలిచినోనికి సగం గెలుపే. ఓడినోనికి సగం ఓటమే. అన్ని పోయినోని దగ్గర ఇంకేం గుంజుకుంటవ్? అందుకే ఆఖరుది మిగిలియ్యాలె."

ఆ మాట నేను కండెతో పాటు చుట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. మరునాడు రాట్నం ముందు కూర్చుని ఉంటే తట్టింది. ఇన్నాళ్ళూ నేను గెలవాలని ఆడుతున్నాను. అది నాకు రాదు. ఓడిపోవడం నాకు బాగా వచ్చు. దాన్నే ఇంకాస్త బాగా చేస్తే? ఉన్నదంతా పోగొట్టుకుంటే, ఆ ఆఖరి సిపాయితో సహా?

చెప్పినంత తేలిక కాదది. సార్ చంపరు కదా. నేను సిపాయిని ఆయన ఏనుగు కిందికి తోసేదాన్ని, ఆయన ఏనుగును పక్కకు తిప్పుకునేవారు. గుర్రం ముందు పడేసేదాన్ని, గుర్రం చూడనట్టు పోయేది. "ఏందే, సిపాయిని సంతల అమ్ముతున్నవా?" అని బక్కోడు నవ్వాడు. పదిహేను రోజులు అలా గడిచాయి. నా సిపాయి లోకంలో ఎవరికీ అక్కర్లేనివాడైపోయాడు.

ఆఖరికి ఒక రోజు సార్ నా రాజును మూలకు తరిమి, తొందరలో తన రాజును కూడా దగ్గరికి తెచ్చారు. చుట్టూ ఆయన ఏనుగు, వజీరు, ఒంటె. సొంత బలగం మధ్యే ఆయన రాజుకు కదలడానికి గడి లేదు. నేను మూడుసార్లు చూశాను.  సిపాయిని ఒక్క గడి ముందుకు జరిపాను.

"షహ్."

సార్ వంగి చూశారు. రాజుకు పోయే దారి లేదు. సిపాయిని చంపాలి, లేకపోతే ఆట మాత్. చంపితే నా రాజు ఒక్కడే మిగులుతాడు.  సార్ చాలాసేపు గడ్డం నిమురుకుని, తన రాజుతో నా సిపాయిని మెల్లగా పక్కకు నెట్టారు.

"బుర్జు!" అని బక్కోడు ఎగిరాడు.  జీవితంలో నేను సాధించిన అతిపెద్ద విజయం నా దగ్గర ఏమీ మిగలకపోవడం.

"సగమే గెలిచినవ్" అన్నారు సార్, వేలు చూపించి.

"అయితే సగమే నేర్చుకోండ్రి."

ఎంతైనా ఆయన జుబాన్ ఇచ్చిన మనిషి. మరునాడు అచ్చులు మొదలుపెట్టాం. ఇంట్లో ఈ సంగతి చెబితే బాపు మగ్గంలో దువ్వెనలా ఉండే కర్ర చట్రాన్ని తట్టి, "అచ్చులంటె నా దగ్గరికి తోలు బిడ్డా, సార్‌ను. నూలు ఎక్కియ్యాల్నంటె ఆరు దినాలు పడ్తది" అన్నాడు. మా వాళ్ళు ఆ చట్రాన్నీ అచ్చు అనే అంటారు మరి. సార్ మాత్రం మూడు రోజుల్లో అచ్చులు పట్టేశారు. 'ఐ' దగ్గర ఏనుగు తొండమనీ, 'ఈ' దగ్గర పాన్ నమిలే నోరనీ చెప్పి మమ్మల్నే నవ్వించారు. నాలుగో రోజు దిగాలుగా వచ్చారు. పరీక్షకు దరఖాస్తు కాగితం వచ్చింది. తన పేరు తనే రాయాలి.

"బేటీ, ఈ అచ్చులతోటి నా పేరు మొదలే కాదు."

అచ్చులతో ఏం రాస్తాం? 'ఆ', 'ఊ', 'ఓ' అని ఆశ్చర్యపోవడం తప్ప. నేను జాలిపడాల్సింది. కాని నాలోని మొండితనం అప్పటికే బాగా వేడెక్కి ఉంది. "మిగిలిన సగం కూడ ఆటనే సార్. కూసోండ్రి" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

సార్ కూర్చున్నారు. ఎప్పటిలాగే నా బలగాన్ని ఊడ్చేశారు. ఎప్పటిలాగే ఒక్క సిపాయి మిగిలాడు. ఈసారి ఆయన రాజుకు చుట్టూ కావలసినంత చోటుంది. నా సిపాయి ఎవరికీ షహ్ చెప్పడం లేదు, ఒక మూల ఊరికే నిలబడి ఉన్నాడు. సార్ ఒకసారి తలెత్తి మా ఎనిమిది మంది ముఖాలు వరుసగా చూశారు. వజీరును ఎత్తి, బట్ట ఈ చివర నుంచి ఆ చివరకు తీసుకుపోయి, నా సిపాయిని చంపారు.

ఎవరూ బలవంతం చేయలేదు. అది చంపక్కర్లేని సిపాయి అని బక్కోడికి కూడా తెలుసు. ఎవరం ఎగరలేదు.

"బుర్జు" అన్నారు సార్ తనే, మెల్లగా. "సుద్ద తియ్యి."

ఆ రోజే ఆ ఆలోచన వచ్చింది, ఎవరికి వచ్చిందో గుర్తు లేదు, నాకే అని చెప్పుకోవచ్చు, కాదనేవాళ్ళు ఇప్పుడు లేరు. బట్ట మీద మొదటి గడి నుంచి వరుసగా అక్షరాలు సుద్దతో రాశాం. యాభై ఆరు అక్షరాలు, ఏడు వరుసలు సరిగ్గా నిండాయి. ఎనిమిదో వరుస ఖాళీ. అందులో మా ఎనిమిది మంది పేర్లు రాసుకున్నాం, ఒక్కో గడికి ఒకటి. ఇక ఆట ఇలా: సార్ ఏ పావును ఏ గడిలో పెట్టినా ఆ గడి అక్షరం పైకి చదవాలి. చదవలేకపోతే ఆ ఎత్తు చెల్లదు. మా వరుస దాకా వస్తే మా పేరు చదవాలి. మొదటిసారి ఆయన గుర్రం బక్కోడి గడిలో దిగినప్పుడు, వాడి పేరును కూడబలుక్కుని పలికారు. వాడి పేరును అంత మర్యాదగా ఎవరూ పలికి ఉండరు. వాడు ఆ రోజంతా వజీరును చప్పరించలేదు.

బండి ర దగ్గర మాత్రం సార్ ఆగిపోయేవారు. "ర ఒకటి ఉండంగ మళ్ళ ఇదెందుకు? దీని పని ఏంది?"

"ఇప్పుడు పనేం లేదు సార్. అందరు మామూలు ర నే రాస్తరు. ఇది ఊరికె ఉంటది."

"నా లెక్కనే అన్నట్టు" అన్నారు. ఆ తర్వాత అవకాశం దొరికినప్పుడల్లా ఆ గడిలోనే ఏనుగును పెట్టేవారు, అవసరం లేకపోయినా.

ఫాల్గుణం వెళ్ళి ఎండలు ముదిరాక పరీక్ష వచ్చింది. కరీంనగర్ పోవాలి. బస్సు దగ్గరికి ఎనిమిది మందిమి వెళ్ళాం. వచ్చేటప్పుడు అవ్వ ఒక మూట నా చేతిలో పెట్టింది. గిన్నెకు అద్ది కాల్చిన సర్వపిండి, నువ్వులు ఎర్రగా వేగిన వాసన మూటలోంచి వస్తోంది. "నీ కోసం గాదు, సార్‌కు. ఆకలైతె అక్షరాలు యాదికి రావు" అంది. కండెల కోసం నాతో యుద్ధం చేసిన అవ్వ.

సార్ సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చారు. దిగుతూనే నవ్వుతున్నారు. ఆయన చెప్పిన సంగతి ఇది. మొదటి ప్రశ్నే అక్షరమాల వరుసగా రాయమని. సార్‌కు ప్రతి అక్షరం వచ్చు, వరుస మాత్రం రాదు. ఎలా వస్తుంది? ఆయన క నుంచి గుర్రం మీద ఎగిరి త కు పోయేవారు, ఏనుగు మీద జారి భ కు వచ్చేవారు. లోకంలో అక్షరాలను గుర్రపు నడకలో నేర్చుకున్న మనిషి ఆయనొక్కరే అయ్యుంటారు. కాసేపు కలం కొన కొరికారట. తర్వాత కాగితం మీద ఎనిమిది అడ్డం, ఎనిమిది నిలువు గళ్ళు గీసి, కళ్ళు మూసుకుని, ఏ గడిలో ఏ పావు ఎప్పుడు చచ్చిందో గుర్తు చేసుకుంటూ నింపడం మొదలుపెట్టారు.

పరీక్ష దొర వచ్చి చూశాడట. "ఏమయ్యా, పరీక్షకు వచ్చినవా, ఆటకు వచ్చినవా?"

"రెంటికి వచ్చిన హుజూర్."

"అక్షరాలు అయిపోయినయి గద. కింద గీ పేర్లు ఎవరియి?"

"నా మాస్టర్లవి."

మా ఎనిమిది మంది పేర్లు కరీంనగర్ పరీక్ష కాగితం మీద ఉన్నాయి! మేం అప్పటికి ఏ పరీక్షా రాసి ఎరగం. ఇంటి దాకా నేల మీద నడిచినట్టు గుర్తు లేదు.

పాసయ్యారు. పెద్దసారు బెల్లం పల్లీలు పంచాడు. సార్ ఉద్యోగం నిలిచింది, అర్ర నిలిచింది, నా సాయంత్రాలు నిలిచాయి. అలా అనుకుని రెండు వారాలు గడిచాయి.

ఒక సాయంత్రం సార్ చేతిలో కాగితంతో వచ్చారు. మళ్ళీ సర్కారుదే, మళ్ళీ తెలుగే. ఈసారి పెద్దసారు రాలేదు. సార్ తనే నిలబడి, వేలు పెట్టుకుని, మాకు చదివి వినిపించారు. ఒత్తుల దగ్గర కాస్త ఆగారు, అంతే. ఎంత బాగా చదువుతున్నారో అని మేం ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నాం. ఎలా చదువుతున్నారో విన్నాం గాని, ఏం చదువుతున్నారో వినలేదు. చదవడం అయిపోయాక, మేం చప్పట్లు కొట్టాక, సార్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నప్పుడు తెలిసింది. ఆసిఫాబాద్ బదిలీ. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన సార్లు అక్కడి బడికి కావాలట.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక సార్ మీదే తీర్చుకున్నాను. "మేం నేర్పకపోతె బాగుండు."

"నేర్పకపోతె ఇంటికి పోతుంటి బేటీ. ఇప్పుడు బడికి పోతున్న."

"మరి మా అర్ర?"

సార్ పావుల పెట్టె తెచ్చి నా ముందు పెట్టారు, చిక్కిపోయిన ఏనుగుతో సహా. "ఆసిఫాబాద్‌కు నిర్మల్ దగ్గర్నే, నేను ఇంకోటి తెప్పిచ్చుకుంట. రేపటి సంది నువ్వు చెప్పు పిల్లలకు."

"నేనా? నేను ఒక్కపారి గూడ గెలువలే సార్!"

"అందుకే నువ్వు. ఎన్ని తీర్ల ఓడిపోవచ్చో నీకు తెలిసినంత ఇంకెవ్వరికి తెలువది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా. అప్పుడు సార్ బట్ట అంచు పట్టుకుని, ఇన్నాళ్ళూ కిందికి మడిచి ఉన్న తొమ్మిదో వరుసను విప్పారు. మిగతా బట్ట మా చేతుల మురికికి, సుద్దకు, ఎండకు మాసిపోయింది. ఆ వరుస మాత్రం మగ్గం దిగిన రోజులా ముదురు నీలంగా ఉంది. "మీ పేర్లున్నయి. నాది లేదు" అంటూ సుద్ద తీసుకుని, ఎనిమిది గళ్ళ పొడవునా తన పేరు తెలుగులో రాశారు. బడి గోడ మీద ఏ భాషలోనూ ఎక్కని పేరు.

సుద్ద చెరిగిపోతుందని ఆ బట్టను పళ్ళెంలో అన్నం తెచ్చినంత జాగ్రత్తగా ఇంటికి తెచ్చాను. అవ్వ సూదిలో తెల్ల దారం ఎక్కించుకుని, సుద్ద గీత మీదే కుట్టుకుంటూ పోయింది. అవ్వకు చదువు రాదు. సార్ ఒకచోట దీర్ఘం మరచిపోయారు. అవ్వ ఆ తప్పును కూడా పొల్లు పోకుండా కుట్టింది.

సార్ బస్సెక్కిన మరునాడు ఇరవై కండెలు చుట్టి బడికి పోయాను. ఆఖరి గంట కొట్టగానే షాబాదు బండల మీద బట్ట పరిచాను. తొమ్మిదో వరుస కిందికి మడిచాను. ఏడుగురు వచ్చి చుట్టూ కూర్చున్నారు. మరికాసేపటికి రెండో తరగతి పిల్ల ఒకతి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, నాకూ చెబుతావా అని అడిగింది. "కూసో" అన్నాను. నా గొంతు నాకే సార్ గొంతులా వినిపించింది, పాన్ లేకుండా.

బీరువా అడుగున, పట్టుచీరల కంటే భద్రంగా ఉన్న ఆ బట్టను మొన్న ఆదివారం తీశాను. బుర్జు అనే రూలు ఉందని రుజువు చూపించాలి కదా. మనుమరాలు దాన్ని మంచం మీద పరిచి, వేళ్ళతో లెక్కపెట్టి, మడత విప్పింది.

"అమ్మమ్మా, తొమ్మిది ఉన్నాయి! రాంగ్ బోర్డ్."

"రాంగ్ కాదు. తడిస్తె గుంజుకుంటది."

"గుంజుకుందా?"

"ఇంకా లేదు."

ఆమె ఆ నీలం వరుస మీదికి వంగింది. అన్ని వరుసలూ బూడిద రంగుకు తిరిగాయి, అదొక్కటి తప్ప. తెల్ల దారం మీద వేలు పెట్టి మెల్లగా జరిపింది. ఆమె చదివేది ఇంగ్లీషు బడిలో, తెలుగు ఆమెకు నాలుక మీద ఉంది.

"ఏదో రాసుంది. ఎవరి పేరు? చదువు."

"నేను చదవను."

"ప్లీజ్ అమ్మమ్మా. నాకు చదవడం రాదు కదా."

"ఆటలో సగం నాదని ఒప్పుకుంటవా?"

 పంతం ఎవరి నుంచి వచ్చిందో ఆ ముఖంలో నాకు స్పష్టంగా కనబడింది. "సగమే" అంది, వేలు చూపించి.

"సగం చాలు. పోయి సుద్ద తెచ్చుకో."